వీసీ ఎవరైతే ఊళ్ళో వ్యాపారులకి ఏంటి?

పీజీబ్లాక్_మెట్లు (చర్చ మొదలుపెట్టినవారు) | సోమవారం, రాత్రి 10:42

నేనో రాష్ట్ర విశ్వవిద్యాలయంలో కాంట్రాక్టు అధ్యాపకుణ్ణి. ఏ యూనివర్సిటీయో అడగొద్దు, జూన్‌లో రెన్యువల్ ఉంది.

మొన్న పొద్దున మెయిన్ గేటు దగ్గర బస్సు దిగేసరికి కొత్త ఫ్లెక్సీ కట్టి ఉంది. "మన జిల్లా ముద్దుబిడ్డ, నూతన వైస్ ఛాన్సలర్ గారికి హార్దిక శుభాకాంక్షలు". కింద వరసగా తొమ్మిది ఫొటోలు. పనీపాటా లేక లెక్కపెట్టాను. ముగ్గురు డిగ్రీ కాలేజీల కరస్పాండెంట్లు, ఒక రైస్ మిల్లు ఆయన, హాస్టల్ మెస్‌లకి సరుకులు తోలే హోల్‌సేల్ షాపు ఆయన, ఇద్దరు రియల్ ఎస్టేట్ వాళ్ళు, ఒకాయన మా పాలక మండలి సభ్యుడు. తొమ్మిదో మనిషి ఎవరో మా వాచ్‌మన్‌కి కూడా తెలీదు. ప్రొఫెసర్ ఒక్కడు లేడు.

రాజకీయ నాయకుడికి వీసీ ఎందుకు కావాలో చెప్పక్కర్లేదు. బియ్యం వ్యాపారికి వీసీతో పనేంటి? ఈయన్ని తెచ్చుకోవడానికి వీళ్ళు రాజధానిలో నెల రోజులు మకాం వేశారని మా స్టాఫ్ రూములో చెప్పుకుంటున్నారు. నిజమో కాదో నాకు తెలీదు. నిజమే అనుకుంటే, పెట్టిన ఖర్చు ఎక్కడ రాబట్టుకుంటారు?

ఇందూరు_పోరడు | సోమవారం, రాత్రి 11:15

అన్నా, నీ సవాలుకు జవాబు మా డిచ్‌పల్లి యూనివర్సిటీ ముచ్చటల్నే ఉన్నది. 2023 జూన్ 17 నాడు తెలంగాణ యూనివర్సిటీ వీసీని ఏసీబోళ్ళు తార్నాకల ఆయన ఇంట్లనే పట్టుకున్నరు. ఎంతకు? యాభై వేలకు. ఎందుకు? భీమ్‌గల్‌ల ఒక కాలేజికి పరీక్ష సెంటర్ ఇచ్చే కాడ. అంతకు ముందు నెలల తరబడి ఈసీకి (యూనివర్సిటీ పాలక మండలికి), ఆయనకు లొల్లి, రిజిస్ట్రార్ కుర్చీల ఎవరు కూసోవాల్నో తేలలే.

అందరు "గంత పెద్ద పోస్టుల ఉండి యాభై వేలకా" అని నవ్విన్రు. నేనైతే నవ్వలే. సెంటర్ అంటే ఏందో డిగ్రీ కాలేజి నడిపినోనికి ఎరుక. మారుమూల మండలంల పిల్లలు పొద్దుగాల లేసి బస్సెక్కి ఇంకో ఊరికి పోయి పరీక్ష రాస్తరు. నీ కాలేజిల్నే సెంటర్ వడ్డదనుకో, పిల్లలకు సుఖం, అది నిజమే. గని పరీక్ష హాల్ల తిరిగేటోడు గూడ నీ మనిషే అయ్యే సందు దొరుకుతది. మల్ల ఏడు "మా కాలేజిల్నే పరీక్ష కేంద్రం కలదు" అని పాంప్లెట్ల మీద ఏసుకుంటవు. అడ్మిషన్లు నిండుతయి. సీటు సీటుకు సర్కారు ఇచ్చే ఫీజు రీయింబర్స్‌మెంట్.

భీమ్‌గల్‌ల గిట్ల జరిగిందని నేను అంటలేను. ఆ కేసుల కాలేజి తరఫు మనిషే పోయి ఏసీబీకి చెప్పిండు. నేను చెప్పేది సెంటర్ లెక్క. వీసీ పెట్టే ఒక్క సంతకం ఎన్ని తీర్లుగ పైసలైతదో సూడు.

ఎఫ్‌ఎఫ్‌సీ_రోజు | మంగళవారం, ఉదయం 6:50

ఇంజనీరింగ్ వైపు సంగతి నేను చెప్తాను. తొమ్మిదేళ్ళు ఒక ప్రైవేటు కాలేజీలో చేశాను (పేరు వద్దు, మూడు నెలల జీతం ఇంకా రావాలి). అఫిలియేషన్ (కాలేజీకి యూనివర్సిటీ ఇచ్చే గుర్తింపు) కోసం యూనివర్సిటీ నుంచి నిజనిర్ధారణ కమిటీ వస్తుంది, మేం ఎఫ్‌ఎఫ్‌సీ అంటాం. ఎఫ్‌ఎఫ్‌సీ రోజంటే మా కాలేజీలో పెళ్ళి రోజు.

ముందు రోజు రాత్రి ల్యాబుల్లో కంప్యూటర్లు దింపుతారు, అద్దెవి. పొద్దున ఎనిమిదింటికి యాజమాన్యం వాళ్ళ ఇంకో కాలేజీ బస్సు వస్తుంది. అందులోంచి ఇరవై మంది దిగుతారు, ఒక్కొక్కరి చేతిలో ఒరిజినల్ సర్టిఫికెట్ల ఫైలు, పాన్ కార్డు. నా పక్క టేబుల్ మీద ఆ రోజు ఒక "అసోసియేట్ ప్రొఫెసర్" గారిని కూర్చోబెట్టారు. కమిటీ మా గదికి వచ్చే ముందు ఆయన నా వైపు వంగి మెల్లగా అడిగారు: "సార్, నేను ఏ సబ్జెక్టు?"

"డేటాబేస్" అన్నాను. ఆయన అరచేతిలో పెన్నుతో రాసుకున్నారు.

కమిటీలో ఉన్న పెద్దాయన మంచివాడు, అన్నీ పసిగట్టాడు, పెదవి కూడా కొరికాడు. సాయంత్రం మా చైర్మన్ కారిడార్లో అందరికీ వినపడేలా ఫోనులో అన్న మాట నాకింకా గుర్తు: "రిపోర్టు ఎట్లా రాసినా పర్లేదు, ఫైలు వెళ్ళేది మన సార్ దగ్గరికే కదా." రిపోర్టు రాసేవాడి నిజాయితీ మీద ఆశ పెట్టుకుని లాభం లేదని నాకు ఆ రోజే అర్థమైంది. అది చదవాల్సిన కుర్చీలో ఎవరు కూర్చోవాలో కూడా బయటే తేలిపోయి ఉంటుంది.

కరస్పాండెంట్_గారు | మంగళవారం, ఉదయం 9:30

అందరూ కాలేజీ వాళ్ళని దొంగల్లా చూస్తున్నారు కాబట్టి రాస్తున్నాను. నాకు రెండు డిగ్రీ కాలేజీలు ఉన్నాయి. రీయింబర్స్‌మెంట్ ప్రభుత్వం ఎప్పుడిస్తుందో దేవుడికే తెలియాలి. రెండు రాష్ట్రాల్లోనూ బకాయిల కోసం మేం రోడ్డెక్కిన సంగతి పేపర్లలో చూసే ఉంటారు. అప్పులు తెచ్చి జీతాలిస్తున్నాను. అలాంటప్పుడు యూనివర్సిటీలో ఒక ఫైలు ఆరు నెలలు ఆగితే నేను మునిగిపోతాను. పరీక్షల విభాగంలో మార్కుల మెమోలు ఇవ్వకపోతే పిల్లల తల్లిదండ్రులు వచ్చి పట్టుకునేది నా కాలరే, వీసీది కాదు.

అందుకని తెలిసినవాడు వీసీగా వస్తే బాగుణ్ణు అనుకుంటాం. చందాలు వేసుకుని శాలువా కప్పుతాం. మేం వీసీని కొనట్లేదండీ, మా పని ఆగకుండా చూసుకుంటున్నాం. ఇన్‌స్పెక్షన్‌కి వచ్చినవాళ్ళు ఏ హోటల్లో దిగుతారో, వెళ్ళేటప్పుడు కారు డిక్కీలో ఏం పెట్టమంటారో కూడా ఎవరైనా రాస్తే బాగుంటుంది.

పీజీబ్లాక్_మెట్లు | మంగళవారం, ఉదయం 9:52

కరస్పాండెంట్ గారూ, కోపం లేకుండానే అడుగుతున్నాను. "తెలిసినవాడు" వచ్చాక మీ ఫైలు ఆగదు. పక్క మండలంలో మీలాంటి కాలేజీ ఇంకోటి ఉంది, ఆయనకి తెలిసినవాళ్ళు లేరు. ఆయన ఫైలు?

కరస్పాండెంట్_గారు | మంగళవారం, ఉదయం 10:05

ఆయన తర్వాతి వీసీని చూసుకుంటాడు.

ఇందూరు_పోరడు | మంగళవారం, ఉదయం 10:07

సార్ నిజాయితీకి దండం 🙏

వాల్తేరు_విశ్రాంత | మంగళవారం, మధ్యాహ్నం 2:20

పదవీ విరమణ చేసి పద్నాలుగేళ్ళయింది, తీరిక ఎక్కువ, కాస్త ఓపిక పట్టి చదవండి.

ఊరి ధనవంతులు విశ్వవిద్యాలయంలో వేలు పెట్టడం ఇవాళ్టి మాట కాదు. ఆంధ్ర విశ్వవిద్యాలయం పుట్టింది 1926లో. ఆ రోజుల్లో వైస్ ఛాన్సలర్‌ని సెనేట్ ఎన్నుకునేది. ఆ సెనేట్‌లో జమీందార్లు, ప్లీడర్లు ఉండేవారు. అయినా ఎన్నికైంది ఎవరు? కట్టమంచి రామలింగారెడ్డి గారు, ఆయన తర్వాత 1931లో రాధాకృష్ణన్ గారు. కట్టమంచి 1930లో బ్రిటిష్ వాళ్ళ దమనకాండకి నిరసనగా రాజీనామా ఇచ్చి వెళ్ళిపోయారు, మళ్ళీ 1936లో వచ్చి 1949 దాకా ఉన్నారు. జయపురం మహారాజా విక్రమదేవ వర్మ గారు ఏటా లక్ష రూపాయలు సైన్సు, టెక్నాలజీ కాలేజీకి ఇచ్చారు. ఆ రోజుల్లో లక్షంటే లక్ష. కాలేజీకి ఆయన పేరు పెట్టారు. కాబట్టి స్థానికుల డబ్బు అనగానే పాపం అనుకోవద్దు. ఇచ్చి పక్కకి జరిగిన వాళ్ళున్నారు.

ఇక పాలకుల సంగతి. ఉస్మానియాలో డి.ఎస్. రెడ్డి గారి ఉదంతం మీ తరానికి తెలియకపోవచ్చు. 1957 నుంచి వీసీ, 1964లో మళ్ళీ ఐదేళ్ళకి వేశారు. ప్రభుత్వానికి ఆయన గిట్టలేదు. చట్టాన్ని సవరించి పదవీకాలం ఐదేళ్ళ నుంచి మూడేళ్ళకి తగ్గించారు. అయినా ఆయన కదల్లేదు. 1966లో ఇంకో సవరణ తెచ్చి 13ఎ అని ఒక సెక్షన్ పెట్టారు. ఇప్పుడు పదవిలో ఉన్న వీసీ తొంభై రోజుల్లోగా దిగిపోవాలని దాని సారాంశం. పదవిలో ఉన్నది ఒక్కడే కదా, ఒక్క మనిషి కోసం ఒక సెక్షన్! ఆయన సుప్రీంకోర్టు దాకా వెళ్ళారు. 1967లో కోర్టు ఆ సెక్షన్‌ని కొట్టేసింది, చట్టం ముందు అందరూ సమానమనే రాజ్యాంగం 14వ అధికరణానికి విరుద్ధమని.

అప్పుడు వీసీని దించడానికి శాసనసభలో చట్టం చెయ్యాల్సి వచ్చింది. ఇప్పుడు ఒక ఫోను చాలు.

పెన్న_ఒడ్డు | మంగళవారం, సాయంత్రం 5:40

పెద్దాయన సరిగ్గా చెప్పినారు. 2024 జూన్‌లో ఆంధ్రాలో ప్రభుత్వం మారినాక చూసినాం కదప్పా, ఒకరి ఎనకాల ఒకరు వీసీలు రాజీనామా చేసి పోయినారు. బెదిరించినారని దిగిపోయిన పార్టీ, వాళ్ళే పోయినారని కొత్త ప్రభుత్వం, మరుసటేడు శాసనమండలిలో గూడా అదే రచ్చ. ఎవురు చెప్పేది నిజమో నాకొద్దు. పార్టీ మారితే పోవాల్సి వచ్చిందంటే, వచ్చింది గూడా పార్టీతోనే అని జనం అనుకుంటే తప్పేముంది?

తెలంగాణలో ఇంకో రకం. 2024 మేలో పది యూనివర్సిటీల వీసీల గడువు ఒక్కసారే అయిపోయింది, ఐఏఎస్‌లను ఇన్‌చార్జిలుగా ఏసినారు. అక్టోబరు దాకా అంతే. ఇన్‌చార్జికి సొంత శాఖ ఉంటాది, యూనివర్సిటీకి వచ్చేది ఎప్పుడో. మా దగ్గర గూడా ఒకప్పుడు ఇన్‌చార్జి పాలన చూసినా. కొత్త టెండరు పిలవరు. పాత కాంట్రాక్టరుకే మూడు నెలలు, ఇంకో మూడు నెలలు పొడిగింపు. కుర్చీ ఖాళీగా ఉంటే ఎవురికి నష్టం అనుకుంటారు గానీ, లాభం వచ్చేవాళ్ళు గూడా ఉంటారు.

పాలక మండలి గురించి ఒక మాట. ఫొటోలో ఉన్నాయన పాలక మండలి సభ్యుడు అన్నావు కదా తమ్ముడూ. పరిశ్రమ, వ్యాపారం, వ్యవసాయం వంటి రంగాల వాళ్ళకు మండలిలో చోటు ఉంటాది, నామినేట్ చేసేది ప్రభుత్వం. ఆలోచన మంచిదే. మా మండలి మీటింగులకు ఫైళ్ళు మోసినోణ్ణి నేను, చూసింది చెప్తాండా. అజెండా పుస్తకం వారం ముందే పంపుతారు, అందులో అంతా సిలబస్సు, రిటైర్మెంట్లు. అసలు సంగతి ఆ పొద్దు చేతికిచ్చే విడి కాగితాల్లో ఉంటాది, టేబుల్ అజెండా అంటాం. భోజనానికి పది నిమిషాల ముందు తీస్తారు. పక్క గదిలో నుంచి నాటుకోడి వాసన వస్తా ఉంటాది. "అందరికీ సమ్మతమేనా?" సమ్మతమే. పెట్రోలు బంకుకు రోడ్డు పక్క స్థలం లీజు అట్లనే అయిపోయింది ఒకసారి. కూర బాగుండింది.

మెస్_కమిటీ_మాజీ | మంగళవారం, రాత్రి 9:10

బియ్యం వ్యాపారికి వీసీతో పనేంటి అన్నారుగా. నేను పీజీ చదివేటప్పుడు మెస్ కమిటీలో ఉన్నా. టెండరు నోటిఫికేషన్ చూశాం. నిబంధనల్లో "ఇదే జిల్లాలో ప్రభుత్వ వసతి గృహాలకు వరుసగా మూడేళ్ళు సరుకులు సరఫరా చేసిన అనుభవం" అని ఉంది. జిల్లా మొత్తం మీద అలాంటి షాపు ఒక్కటే. టెండర్లు మూడు పడ్డాయి. మిగతా రెండూ ఆయన బావమరిది పేరు మీద ఒకటి, గుమస్తా పేరు మీద ఒకటి.

సన్నబియ్యం అని బిల్లు. వచ్చిన బస్తాల మూతి కుట్టు చూస్తే రెండు రంగుల దారాలు, ఒకసారి విప్పి మళ్ళీ కుట్టారన్నమాట. అన్నం వండితే మధ్యాహ్నానికే ముద్ద. ధర్నా చేశాం, కంచాలు మోగించాం. వార్డెన్ పాపం మాతోపాటు అదే అన్నం తినేవాడు, "నా చేతిలో ఏం లేదు నాయనా, పైనుంచి ఆర్డరు" అనేవాడు. ఆ పై ఎక్కడో మాకప్పుడు తెలీదు. ఇప్పుడు ఈ ఫ్లెక్సీ కథ చదివాక కాస్త తెలుస్తోంది.

రిచ్‌మండ్_రావు | బుధవారం, ఉదయం 7:25

వర్జీనియా నుంచి. ఒక మాట చెప్తే కొట్టకండి. మన యూనివర్సిటీలు ప్రొఫెసర్ల చేతుల్లోనే ఉండి పాడయ్యాయి, వ్యాపారం తెలిసినవాళ్ళని తెస్తే బాగుపడతాయి అని నేను అనేవాణ్ణి. 2025 జనవరిలో యూజీసీ (యూనివర్సిటీలకి నిబంధనలు పెట్టే కేంద్ర సంస్థ) ముసాయిదా వచ్చింది కదా, పరిశ్రమలోనో ప్రభుత్వ పాలనలోనో పెద్ద హోదాలో పదేళ్ళు చేసినవాళ్ళు కూడా వీసీ కావచ్చని. భేష్ అనుకున్నా.

తర్వాత మా రాష్ట్రంలోనే జరిగింది గుర్తొచ్చింది. యూనివర్సిటీ ఆఫ్ వర్జీనియా బోర్డుని గవర్నర్ నియమిస్తాడు, అందులో ఎక్కువమంది వ్యాపారులు, లాయర్లు, పార్టీలకి చందాలిచ్చినవాళ్ళు. 2012 జూన్‌లో బోర్డు పెద్ద హెలెన్ డ్రాగస్ (ఇళ్ళు కట్టి అమ్మే సొంత కంపెనీ ఉన్నావిడ), యూనివర్సిటీ అధ్యక్షురాలు (మన వీసీ లాంటి పదవి) తెరెసా సల్లివన్‌తో రాజీనామా చేయించింది. బోర్డంతా కూర్చుని ఓటు వెయ్యలేదు, విడివిడిగా మాట్లాడుకుని తేల్చేశారు. కారణం సరిగ్గా చెప్పలేదు, మార్పు వేగంగా రావట్లేదన్నారు. అధ్యాపకుల సెనేట్ బోర్డు మీద అవిశ్వాసం పెట్టింది, విద్యార్థులు లాన్ మీద నిండిపోయారు. గవర్నర్ "తేల్చకపోతే బోర్డు మొత్తాన్నీ దిగిపొమ్మంటా" అన్నాడు. జూన్ 26న అదే బోర్డు ఏకగ్రీవంగా ఆమెని తిరిగి కూర్చోబెట్టింది.

పెన్న_ఒడ్డు | బుధవారం, ఉదయం 8:02

సెనేట్ అవిశ్వాసం పెట్టిందా! మా అధ్యాపక సంఘమైతే ఇద్దరికీ శాలువా కప్పుంటాది.

కోర్టు_వరండా | బుధవారం, మధ్యాహ్నం 1:15

న్యాయవాదిని. చట్టం ఎక్కడిదాకా కాపాడుతుందో చెప్తా.

యూజీసీ 2018 నిబంధనల ప్రకారం వీసీకి ప్రొఫెసర్‌గా గానీ, పేరున్న పరిశోధన లేదా విద్యా పాలన సంస్థలో గానీ కనీసం పదేళ్ళ అనుభవం ఉండాలి. వీసీ పదవికి తగినవాళ్ళని వెతికే సెర్చ్ కమిటీ మూడు నుంచి ఐదు పేర్లు ఇవ్వాలి. ముఖ్యంగా, కమిటీ సభ్యులకి ఆ యూనివర్సిటీతో గానీ దాని కాలేజీలతో గానీ ఏ రకమైన సంబంధం ఉండకూడదు. రాష్ట్ర చట్టం వేరేలా చెప్తే చెల్లదు. గుజరాత్‌లో సర్దార్ పటేల్ యూనివర్సిటీ వీసీ నియామకాన్ని 2022 మార్చిలో సుప్రీంకోర్టు ఈ కారణంతోనే రద్దు చేసింది. అదే ఏడు అక్టోబరులో కేరళ సాంకేతిక విశ్వవిద్యాలయం వీసీ నియామకం పోయింది, కమిటీ ఒకే ఒక్క పేరు పంపిందని. పేర్లు మూడుండాలి అంటే మూడుండాలి.

కానీ మూడు పేర్లూ ఒకే ఇంట్లో కూర్చుని రాస్తే? కాగితం మీద అంతా సవ్యంగానే కనిపిస్తుంది. మన దగ్గర కమిటీలో ప్రభుత్వం తరఫున తరచుగా ప్రధాన కార్యదర్శే ఉంటారు, తక్కిన ఇద్దరిలో ఒకరిని పంపేది పాలక మండలి. ఆ మండలిలో నామినేటెడ్ సభ్యులు ఎవరో పైన పెన్న_ఒడ్డు గారు చెప్పేశారు. ఈ గొలుసులో ఒక్క కొక్కెం కూడా చట్టవిరుద్ధం కాదు, అందుకే కోర్టుకి దొరకదు.

దొరికేది చివర్లో, డబ్బు చేతులు మారినప్పుడే. 2018 ఫిబ్రవరిలో కోయంబత్తూరు భారతియార్ యూనివర్సిటీ వీసీని అవినీతి నిరోధక శాఖ అరెస్టు చేసింది. అసిస్టెంట్ ప్రొఫెసర్ ఉద్యోగానికి 30 లక్షలు అని కేసు. అందులో లక్ష నగదు, మిగతా 29 లక్షలు చెక్కులు.

ఇందూరు_పోరడు | బుధవారం, మధ్యాహ్నం 1:21

లంచం చెక్కులల్ల తీస్కుండా? బౌన్స్ అయితే కేసెయ్యనీకా?

ఎఫ్‌ఎఫ్‌సీ_రోజు | బుధవారం, మధ్యాహ్నం 1:48

లాయరు గారూ, దీనికి ఇంకో కొస ఉంది. తనిఖీకి వచ్చేవాళ్ళు కూడా ఇంకో చోట వీసీలే. 2025 ఫిబ్రవరి 1న గుంటూరు జిల్లా డీమ్డ్ వర్సిటీ నాక్ (విద్యా సంస్థల నాణ్యతని తనిఖీ చేసే సంస్థ) గ్రేడు వ్యవహారంలో సీబీఐ పది మందిని అరెస్టు చేసింది. ఆ తనిఖీ బృందం ఛైర్మన్ వేరే రాష్ట్రంలో ఒక యూనివర్సిటీకి వీసీ. దొరికాయన్న జాబితాలో 37 లక్షల నగదు, ఆరు ల్యాప్‌టాప్‌లు, ఐఫోన్, బంగారం. అభియోగమే, తీర్పు కాదు. ఆ వార్త చదివి నేను అనుకున్నది ఒకటే, మా చైర్మన్ చవగ్గా కానిచ్చాడని.

నిర్వాహకులు | బుధవారం, సాయంత్రం 6:00

రెండు పోస్టులు తీసేశాం. ఇప్పుడున్న ఒక వీసీ గారి కులం, వియ్యంకుడి వ్యాపారం, ఫోను నంబరు పెట్టారు. కోర్టులోనో పేపర్లోనో లేని ఆరోపణలు పేర్లతో రాయొద్దు.

పెన్న_ఒడ్డు | బుధవారం, సాయంత్రం 6:20

సరే గానీ కులం మాట ఎత్తకుండా వీసీ నియామకాల మీద చర్చ అంటే ఉప్పు లేకుండా ఊరగాయ పెట్టినట్టే. పేరొద్దు, జాబితా వచ్చిన రోజు ఏ పేపరైనా తీసి చూడండి, ఏ సామాజికవర్గానికి ఎన్ని అని పట్టిక ఏసుంటారు. ఏ సబ్జెక్టులో ఎన్ని పరిశోధనా పత్రాలు అని ఎప్పుడైనా ఏసినారా?

కరస్పాండెంట్_గారు | బుధవారం, రాత్రి 8:45

ఇన్ని మాటలు అన్నారు, పడ్డాను. ఒక్కటి అడుగుతాను. అఫిలియేషన్, సెంటర్లు, మెమోలు అన్నీ తేదీల ప్రకారం ఆన్‌లైన్లో వాటంతట అవే వస్తే నేను ఎవరికీ శాలువా కప్పను. శాలువా ఎనిమిది వందలు. నాకేం సరదానా?

పీజీబ్లాక్_మెట్లు | బుధవారం, రాత్రి 9:30

నిజం చెప్పాలంటే మీ మాటే నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది సార్. వీసీకి ఆ చిన్న సంతకాలన్నీ చేతిలో ఉన్నంతకాలం ఎంత మంచివాణ్ణి తెచ్చినా గేటు దగ్గర తొమ్మిది ఫొటోలు తయారవుతాయి. మంచి వీసీ కావాలి అని మేం ధర్నాలు చేశాం గానీ, పరీక్ష సెంటర్లకి దూరం, గదుల లెక్క చూసి జాబితా బయట పెట్టమని ఒక్కసారీ అడగలేదు.

లాయరు గారూ, గత మూడేళ్ళ పాలక మండలి మీటింగుల టేబుల్ అజెండాలు సమాచార హక్కు కింద అడగొచ్చా?

కోర్టు_వరండా | బుధవారం, రాత్రి 9:41

అడగొచ్చు. పది రూపాయల ఫీజు, ఎందుకు అని కారణం చెప్పక్కర్లేదు, ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి. "అన్ని వివరాలు" అని రాయకండి, తిప్పి పంపేస్తారు. మూడే అడగండి: మీటింగు రోజు ఇచ్చిన అదనపు అంశాల ప్రతులు, పరీక్ష కేంద్రాలు మార్చిన ఉత్తర్వులు, మెస్ టెండర్ల అర్హత నిబంధనలు. ఫైళ్ళు చూడటానికి అనుమతి కూడా అదే కాగితంలో అడగండి.

పీజీబ్లాక్_మెట్లు | బుధవారం, రాత్రి 9:55

రాశాను, చింపేశాను. కింద నా పేరు ఉండాలి కదా. జూన్ గుర్తొచ్చింది. ఇంట్లో ఇద్దరు పిల్లలు.

వాల్తేరు_విశ్రాంత | గురువారం, ఉదయం 5:30

బాబూ, నా పేరు మీద వెయ్యి. నా పెన్షన్ ఎవడూ ఆపలేడు, నాకు రెన్యువల్ ఇవ్వాల్సింది పైవాడు ఒక్కడే. మీ ఊరు ఏదో నాకు విడిగా చెప్పు, ఫైళ్ళు చూడమని పిలిస్తే నేనే రైలెక్కి వస్తాను. జిరాక్సు పేజీకి రెండు రూపాయలు తీసుకుంటారు, అది నువ్వు పెట్టుకో. ఆ తొమ్మిదో ఫొటో ఎవరిదో కూడా కనుక్కుందాం.